నాలుగు వేళ్ళు

సైఖ్ ఊరు కొండ మీద.
కింద మస్కట్‌ల ఏసీలు తిరుగుతనే ఉంటయి,
ఈడ నవంబరొస్తె నల్లా కింద చెయ్యి పెట్టబుద్ధి కాదు.
గల్ఫంటే ఉత్త ఎండే అనుకునేటోళ్ళు
ఒక్క రాత్రి నా పండ్ల చప్పుడు వినాలె.

మెట్లు మెట్లుగ మళ్ళు.
మీద దానిమ్మ చెట్లు, కింద రెండు మళ్ళల్ల గత్తు.
మా జగిత్యాల పశువుల డాక్టరు దాన్ని లూసర్న్ అనేటోడు.
ఖల్ఫాన్ మేకలకు పేరుతోని పనిలేదు.

వచ్చిన కొత్తల కొడవలి మట్టికి ఆనిచ్చి కోసిన.
వరి కోసిన చెయ్యి గద, మొదలుదాక గీకుడే ఎరుక.
ముసలాయన ఉరికొచ్చి నా రెట్ట పట్టుకున్నడు.
తన నాలుగు వేళ్ళు అడ్డంగ మట్టి మీద పెట్టి
గింత ఇడువుమని కండ్లతోని చెప్పిండు.
వరిది ఒక్క చావు.
ఇది నెలనెలా కోపిచ్చుకుంట ఏడేండ్లు బతకాలె.

మా తెలుగుల
చేతికున్నయీ వేళ్ళే, మట్టిలున్నయీ వేళ్ళే.
ఆ ముచ్చట ఆయనకు అరబ్బీల ఎట్ల చెప్పాల్నో తెల్వలే.

ఎండకాలం ఇరవై ఐదు రోజులకొక కోత,
పది కాడలల్ల ఒక్కదానికి ఊదపువ్వు కనబడంగనే.
అంతకుముందే కోస్తె ఆకు లేతగుంటది,
మేకకు పండుగ, వేరుకు పస్తు.
సుహైల్ చుక్క పొడిచినంక దినాలు సాగదీస్తడు ముసలాయన.
అక్టోబరు నడిమిట్ల ఆఖరి కోత.
ఇగ కొడవలి దానిమ్మ కొమ్మకు.

మూడేండ్ల కింద హిలాల్ వచ్చిండు, కొడుకు,
తెల్ల బండి, చేతిల రెండు ఫోన్లు.
మోపుకు రెండు రియాల్లు పల్కుతుంది, నవంబరైతేంది, కొయ్యమన్నడు.
పై మడి కోసిన.
కింది మడికి దిగేసరికి
ముసలాయన గట్టు మీద కట్టె అడ్డం పెట్టుకొని కూసున్నడు.
తండ్రీ కొడుకులు మాట్లాడుకోలే.
నేను కొడవలి తుడుసుకుంట నిలబడ్డ.

కోసిన మడి వారంల మళ్ళ చిగురేసింది.
హిలాల్ నవ్విండు, చూసినవా అని.
ఆ చిగురంత వేరు దాచుకున్న చక్కరేనని
జనవరిల గని తెల్వలే.
కాలువ అంచుకు అద్దం పేరిన పొద్దుగాల
చిగురు నల్లగయ్యింది, ఉడికిచ్చిన కూర లెక్క.
మళ్ళ చిగురెయ్యడానికి లోపట ఏం మిగల్లే.

మార్చిల ముసలాయన రెండు మళ్ళల్ల రెండు వేర్లు తవ్విండు.
ఒకటి ఎలుకతోక.
ఒకటి నా బొటనవేలంత, కొరికితె జరంత తీపి.
రెండూ నా చేతిల పెట్టి పోయిండు.

అప్పుడు నాకు మడి మీదనే సోయి.
నా మీదికి రానీకె ఇంక మూడేండ్లు పట్టింది.

జీతం తొంభై రియాల్లు, పంపేది ఎనభై ఐదు.
చిట్టీ, బోరు మోటరు, చిన్నోని హాస్టలు.
పడ్డది పడ్డట్టే, మొదలుకంట.
దగ్గు తగ్గకముందే మళ్ళ ఓటీ.
ఈ నెల బిర్కత్ అల్ మౌజ్ దిగి
పన్నెండు రియాల్లకు రగ్గు కొన్న,
పులిబొమ్మది, మొయ్యరాదు.

జమున ఫోన్ జేసింది:
రెండువేల ఆరొందలు తక్కువున్నయి గద?
రగ్గు కొన్న, అన్న.
అటు దిక్కు మిక్సీ ఆగింది.
"మరి గిన్ని చలికాలాలు ఏం కప్పుకున్నవు?"
మేకల దాణా సంచుల సంగతి నేను చెప్పలే.
ఆమె మళ్ళ అడగలే.
మోటరు వచ్చే నెల చూద్దాం తియ్, అన్నది.

ఇయ్యాల పొద్దుగాల రెండు మళ్ళూ మోకాలెత్తున్నయి,
మీద సన్నగ మంచు.
పై మడిల ఆ ఏడు పడ్డ గండ్లకు మొన్ననే ఇత్తనం చల్లినం,
ఇంక అతుకు కనబడుతనే ఉన్నది.
హిలాల్ ఫోన్ మోగుతుంది, మూడోసారి.
కొండ మీద సిగ్నల్ సరిగుండదు.